మూడో నంబరు బకెట్

"నాలుగు గంటల దాకా చూస్తాను మేడమ్. ఆ తర్వాత వెంకటప్పను జీపెక్కిస్తాను. మళ్లీ నన్ను అనొద్దు," అన్నాడు ఎస్సై.

అప్పుడు టైము రెండూ పది. పద్దెనిమిదేళ్లు చింతామణిలో పీయూసీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పి, ఇక చాలనుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నదాన్ని నేను. పేరు అంబిక. గంటా యాభై నిమిషాలంటే నా లెక్కలో రెండు పీరియడ్లు. రెండు పీరియడ్లలో మొండి పిల్లలకే లోహాల పాఠం ఎక్కించినదాన్ని, ఒక పెద్దాయన్ని కేసులోంచి లాగలేనా అని ధీమాగానే ఉన్నాను.

కేసు చెబుతాను, చిన్నదే. బాగేపల్లి నుంచి మిట్టేమరి పోయే రోడ్డులో అంజినప్ప గారి లేత్ షెడ్డు ఉంది. డ్రోన్లకు కావలసిన మెగ్నీషియం భాగాలు లేత్‌ల మీద తిప్పి చెక్కుతారక్కడ. నిన్న, అంటే మంగళవారం, మొద్దుబారిన టూలు రాపిడికి మూడో లేత్ పక్కన చెక్కగా రాలిన మెగ్నీషియం పొట్టు అంటుకుంది. అక్కడే ఉన్న పాత పనివాడు వెంకటప్ప దాని మీద ఏదో పోశాడు. కళ్లు బైర్లు కమ్మేంత తెల్లటి వెలుగుతో పేలిపోయింది. కప్పు మీది రేకులు రెండు ఎగిరి చింతచెట్టులో పడ్డాయి. అంజినప్ప మేనల్లుడు నాగేశ్ చేతులు కాలాయి. ప్రాణానికి భయం లేదు, పొద్దున ఆస్పత్రికి ఫోన్ చేస్తే బిరియానీ ఎవరు తెస్తారని అడిగాడు.

వెంకటప్ప పోసింది ఏమిటన్నదే ప్రశ్న. ఇసుకైతే ఆయన తప్పేమీ లేదు. నీళ్లయితే జైలే. మండే మెగ్నీషియం మీద నీళ్లు పోయకూడదని ఆ షెడ్డులో కుర్రకారు దగ్గర్నుంచి అందరికీ తెలుసు. ఇరవై ఏళ్ల అనుభవమున్న మనిషి పోశాడంటే కావాలనే పోశాడని అర్థం. పైగా సోమవారం పొద్దున ఆయన సూపర్‌వైజర్ మంజునాథ మీద గొంతు చించుకుని అరిచాడని షెడ్డంతా సాక్ష్యం చెప్పింది.

ఆ సాక్ష్యాన్ని చక్కగా టైపు చేయించి పెట్టినవాడు ఆనంద్‌కుమార్. ఇన్సూరెన్స్ వాళ్లు బెంగళూరు నుంచి పంపిన డిటెక్టివ్. చొక్కా మడత నలగదు, జుట్టు కదలదు. అలాంటి మనిషిని చూస్తే నాకు సుద్దముక్క విసరాలనిపిస్తుంది.

"మీరు ఇంకా ట్యూషన్లు చెబుతున్నారనుకున్నాను మేడమ్," అన్నాడు నవ్వుతూ.

"చెబుతాను. ఈ రోజు మీకే," అన్నాను.

ముందు వెంకటప్ప దగ్గరికి పోయాను. షెడ్డు వాకిట్లో బెంచీ మీద కూర్చున్నాడు. కనుబొమ్మలు రెండూ కాలిపోయి, ముఖం ఎప్పుడూ ఆశ్చర్యపోతున్నట్టుంది. పక్కన భార్య అంజనమ్మ. నన్ను పిలిపించింది ఆవిడే.

"ఏమి వేసినారు వెంకటప్పా?"

"ఇసకమ్మా. ఎన్ని తూర్లు అడిగినా ఇసకే. గోడ కాడ ఎర్ర బకెట్లు ఉండాయి కదా, అందులో రెండో నంబరుది ఎత్తి బోర్లించినా. ఇసక పేలిందంటే నేనే నమ్మను, ఇంక పోలీసోళ్లు ఎట్ల నమ్ముతారు?" అని పకపకా నవ్వాడు.

"ఆ నవ్వే కొంప ముంచుతాండాది," అంది అంజనమ్మ. "నవ్వొద్దంటే ఇనడు. నిన్న ఎస్సై ముందర కూడా నవ్వినాడు."

"సోమవారం మంజునాథతో ఎందుకు గొడవపడినారు?"

ఆయన నవ్వు ఆపి తలవంచుకున్నాడు. "అది చిన్న సంగతిలేమ్మా. చెప్పుకుంటే సిగ్గు."

ఎంత గుచ్చి అడిగినా అంతకు మించి చెప్పలేదు. సరే, తర్వాత చూద్దామని మంజునాథను పిలిచాను. ముప్పై అయిదేళ్లుంటాయి. జేబులో మూడు పెన్నులు, నుదుటి మీద చెమట.

"యాడ నిలబడి చూసినావు?"

"ఆఫీసు వాకిట్లో మేడమ్."

"ఏమి చూసినావు?"

"వెంకటప్ప గేటు కాడ కుండలో చెంబు ముంచినాడు. తెచ్చి మంట మీద పోసినాడు. ఢామ్మని పేలింది."

"ముంచడం చూసినావా, పోయడం చూసినావా?"

"రెండూ చూసినా."

"మంట లేచినాక ఎంత సేపటికి పేలింది?"

"ఒక నిమిషమో, రెండు నిమిషాలో. అంత భయంలో గడియారం ఎవరు చూస్తారు మేడమ్?"

గడియారం చూసినది ఒకటి ఉంది. అంజినప్ప ఫోను. పాపం ఆయన నిన్నటి నుంచి ఆ ఫోను పట్టుకుని మేనల్లుడి క్షేమం అందరికీ చెబుతూనే ఉన్నాడు. నాగేశ్ నుంచి వచ్చిన ఆఖరి కాల్ చూపించమన్నాను. మంగళవారం పదకొండూ పన్నెండు. మాట్లాడింది పద్దెనిమిది సెకన్లు.

"ఏమన్నాడు?"

"'మామా, పొట్టు ఇప్పుడే అంటుకొనింది, వెంకటప్ప ఆర్పేకి పోతాండాడు' అనె. అంతే. ఢామ్మనె. ఫోను కట్టయిపాయె," అన్నాడు అంజినప్ప.

అంటే మంట పుట్టడానికీ పేలుడుకూ మధ్య పద్దెనిమిది సెకన్లు, మహా అయితే ఇరవై అయిదు. మూడో లేత్ దగ్గర నిలబడి చూశాను. ఇసుక బకెట్లు మూడడుగుల్లో ఉన్నాయి. కుండ గేటు పక్కన ఇటుకల మీద ఉంది. వెంకటప్ప కుడి మోకాలు గుమ్మడికాయలా వాచి ఉంది, రెండేళ్ల నుంచి అంతేనట. ఆయన్ని లేపి, కుండ దాకా పోయి చెంబు ముంచుకుని రమ్మన్నాను. "ఎంత వేగంగా చేతనయితే అంత వేగంగా రాండి," అన్నాను. ఎస్సై వాచీ పట్టుకున్నాడు. పనివాళ్లంతా చుట్టూ చేరి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

యాభై దాటింది. అరవై దాటింది.

"పెండ్లప్పుడు కూడా ఇట్లే నడిచినాడు. ముహూర్తం దాటిపోతాండాదని మా నాయన ఎత్తుకొచ్చి కూర్చోబెట్టినాడు," అంది అంజనమ్మ. షెడ్డంతా గొల్లుమంది. ఎస్సై కూడా మీసం చాటున నవ్వుకున్నాడు.

డెబ్బై నాలుగు సెకన్లకు వెంకటప్ప చెంబుతో వచ్చాడు, సగం నీళ్లు ఒలకబోసుకుని.

నేను మంజునాథ వైపు చూశాను. అతను బూట్ల వైపు చూసుకున్నాడు. ఆనంద్‌కుమార్ మాత్రం చప్పట్లు కొట్టాడు.

"నాటకం బాగుంది. సరే, మంజునాథ పొరపాటు పడ్డాడనుకుందాం. చెంబు కాకపోతే పక్కన వాటర్ బాటిల్. పేలిందన్నది నిజం కదా? పొడి ఇసుక పేలదు. ఇది మీ కెమిస్ట్రీయే చెబుతుంది. పేలింది కాబట్టి పడింది నీళ్లు. అయిపోయింది!"

దాచుకోవడమెందుకు, ఆ మనిషి చెప్పింది అక్షరాలా నిజం. ఎస్సై నా వైపు తిరిగి, "అసలు నీళ్లు పోస్తే ఎందుకు పేలుతుంది మేడమ్? నిప్పుకు నీళ్లే కదా మందు?" అన్నాడు.

"కట్టెల నిప్పుకు మందు సార్. మండే మెగ్నీషియానికి ఆకలెక్కువ. నీళ్లలో ఉన్న ఆక్సిజన్‌ను కూడా లాక్కుని తింటుంది. మిగిలిన హైడ్రోజన్ ఢామ్మంటుంది. గోడకు తగిలించిన మంటలార్పే గ్యాసు సిలిండర్ కొట్టినా లాభం లేదు, కార్బన్ డయాక్సైడ్‌లో ఉన్న ఆక్సిజన్‌నూ వదలదు. బాగా ఎండిన ఇసుక కప్పాలి, లేదా దానికని చేసిన పొడి చల్లాలి. రెండూ లేకపోతే దూరంగా పోయి నిలబడి కాలనివ్వాలి. ఆర్పాలని ఆరాటపడినవాడికే ప్రమాదం."

"బ్రహ్మాండం. ఇసుక పేలదని అందరి ముందూ చూపించేస్తాను," అని ఆనంద్‌కుమార్ చొక్కా చేతులు మడుచుకుని బయటికి నడిచాడు. పెరట్లో ఇనుప పెనం పెట్టించాడు. నాలుగు గుప్పెళ్ల పొట్టు తెమ్మన్నాడు. టైము మూడూ అయిదు.

వాళ్లు ఆ ఏర్పాట్లలో ఉండగా నేను రెండో నంబరు బకెట్ వెతికాను. లేత్ కింద బోర్లా పడి ఉంది. లోపల చెయ్యి పెట్టి చూశాను. సగానికి పైన పాత రంగు అలాగే ఉంది. సగానికి కింద కొత్తగా, నారింజ రంగులో తుప్పు. ఆ తుప్పు మీద ఇసుక రేణువులు అతుక్కుని ఉన్నాయి. వేలితో గీకితే గానీ రాలేదు.

ఎండిన ఇసుక ఇనుముకు అతుక్కోదు. తలుచుకోగానే నాకు పట్టరాని సంతోషం వచ్చింది. వెంకటప్ప చెప్పిందీ నిజమే, ఆనంద్‌కుమార్ చెప్పిందీ నిజమే! ఆయన పోసింది ఇసుకే. ఆ ఇసుకలో నీళ్లున్నాయి. గోడ వైపు తిరిగాను. వరసగా నాలుగు బకెట్లుండాలి. ఒకటో నంబరు ఉంది, నాలుగోది ఉంది. మూడోది లేదు.

అది ఎవరు పట్టుకుపోయారో అర్థమయింది. పెరట్లోకి ఎలా పోయానో నాకే తెలియదు. పెనంలో పొట్టు అప్పటికే అంటుకుని తెల్లగా వెలుగుతోంది. దాని ముందు ఆనంద్‌కుమార్ మూడో నంబరు బకెట్ భుజం దాకా ఎత్తి, ఎవరో ఫోటో తీస్తుంటే ఒక్క క్షణం ఆగి నవ్వుతున్నాడు. ఆ నవ్వే అతన్ని కాపాడింది. నేను పోయి బకెట్ పట్టుకుని వెనక్కి లాగాను.

"వదలండి మేడమ్! ఓడిపోతున్నారని సాక్ష్యం పాడుచేస్తారా?"

"ముందు మీ కనుబొమ్మలు దక్కించుకోండి!"

అతను అటు లాగాడు, నేను ఇటు లాగాను. ఇద్దరం కింద పడ్డాం. బకెట్ మంటకు పదడుగుల దూరంలో ఒలికిపోయింది. ఎస్సై పరిగెత్తుకొచ్చి ఎవర్ని లేపాలో తెలియక నిలబడిపోయాడు.

నేను లేవలేదు. కూర్చునే చెప్పు విప్పి, ఒలికిన ఇసుకలో కాలు పెట్టాను. పైన ఇసుక కుప్ప చేసి అరచేత్తో తట్టాను. మెల్లగా కాలు బయటికి తీశాను.

పిచ్చుక గూడు చక్కగా నిలబడింది. గుమ్మంతో సహా.

"ఇప్పుడు ఒకటో నంబరు బకెట్ తెప్పించండి సార్."

తెచ్చి పోశారు. మళ్లీ కాలు పెట్టాను, తట్టాను, తీశాను. గూడు జారిపోయి చదునయిపోయింది. నీళ్లు తగలని ఇసుకతో గూడు కట్టిన పిల్ల ఈ తాలూకాలో ఇంతవరకు పుట్టలేదు. ఎస్సై ఒకసారి అటూ ఇటూ చూసి, బూటు విప్పేసి, మూడో నంబరు ఇసుకలో తనూ ఒక గూడు కట్టాడు. అది నాదానికంటే బాగా వచ్చింది. పనివాళ్లు ఈలలు వేశారు.

"పైన ఎండకు ఎండిపోయింది. తడంతా కిందికి దిగి లోపల అలాగే ఉంది. వెంకటప్ప బోర్లించింది ఇలాంటి బకెట్‌నే," అన్నాను.

పెనంలో మంట తనంతట తానే కాలి తెల్లటి బూడిదయింది. ఆనంద్‌కుమార్ ఆ బూడిదనూ, గూటినీ మార్చి మార్చి చూశాడు. జుట్టు మొదటిసారి చెదిరింది. "మంటకు నాలుగడుగుల దూరంలో ఉన్నాను నేను," అన్నాడు మెల్లగా. తర్వాత నాకు చెయ్యి ఇచ్చి లేపాడు. ఆ క్షణంలో అతని మీద నాకున్న కోపం సగం పోయింది, అబద్ధమెందుకు.

ఇంతలో అంజనమ్మ వంగి ఇసుకలోంచి ఏదో ఏరింది. సూదంత సన్నగా, పాలిపోయిన మొలకలు.

"ఇవి నా రాగులు!" అంది.

"మీ రాగులేమిటమ్మా?"

"ఎండాకాలం కుండ కింద ఇసక పోసి, తడిపి, నాలుగు రాగులు చల్లుతాం కదమ్మా. మొలకలు లేస్తే కుండలో నీళ్లు ఐసుమాదిరి ఉంటాయి. మా అత్త నేర్పింది. ఈ షెడ్డులో కుండ పెట్టేది ఈయనే. నీలం టబ్బులో ఇసక పోసి పెట్టినాడు. రాగులు నేనే ఇచ్చినా, పోయిన గురువారం."

"ఆ కుండ ఇటుకల మీదుంది కదా?"

వెంకటప్ప ఇక సిగ్గుపడలేకపోయాడు. "అందుకే కదమ్మా సోమవారం అరిచింది! శనివారం దాకా టబ్బులో చల్లగా ఉండె కుండ. సోమవారం వచ్చి చూస్తే ఇటుకల మీదుండాది, నీళ్లు టీ మాదిరి కాగుతాండాయి. ఇసక యాడ పోయిందిరా మంజునాథా అని అరిచినా. ఇంత వయసొచ్చి కుండ నీళ్ల కోసం కొట్లాడినానని పోలీసోళ్లకు ఎట్ల చెప్పేది?"

ఆనంద్‌కుమార్ జేబులోంచి తన టైపు కాగితం తీసి, మడిచి, మళ్లీ లోపల పెట్టుకున్నాడు.

అందరి కళ్లూ మంజునాథ మీదికి తిరిగాయి. అతను తప్పించుకోవాలని చూడలేదు. అక్కడే గొంతుక్కూర్చుని ఏడ్చేశాడు.

"తప్పయిపోయింది మేడమ్. సోమవారం పది గంటలకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఉండె. రెండో బకెట్, మూడో బకెట్ సగం ఖాళీగా ఉండె. గేటు కాడ గచ్చు పగిలితే ఆ ఇసక మేస్త్రీకి నేనే ఇచ్చేసినా. శనివారం సాయంత్రం లారీ ఇసక యాడా దొరకలేదు. టబ్బులో ఉండాది కదా, ఇసక ఇసకే కదా అనుకొని నింపేసినా. ఇన్‌స్పెక్షన్ పాసయింది. నిన్న పేలినాక అర్థమయింది. నా పిల్లోళ్లు గుర్తొచ్చినారు. నీళ్లు పోసినాడని నోట్లోకి వచ్చేసింది."

వెంకటప్ప కుంటుకుంటూ పోయి అతని వీపు మీద ఒక్కటి చరిచాడు. తర్వాత అదే చేత్తో పైకి లేపాడు. "ముందే చెప్పింటే నేనే ఇసక ఎండబెట్టి ఇచ్చేవాణ్ని కదరా," అన్నాడు. ఎస్సై వాచీ చూసి, "మూడూ ముప్పై అయిదు. వెంకటప్పా, మీరు ఇంటికి పోవచ్చు," అన్నాడు. అంజనమ్మ రెండు చేతులతో నా బుగ్గలు నొక్కి మెటికలు విరిచింది. నలభై అయిదేళ్ల నా ముఖానికి దిష్టి తగులుతుందని నమ్మిన మనిషి ఆవిడొక్కతే. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఆ సంబరంలోనే నా కళ్లు గేటు పక్కనున్న నీలం టబ్బు మీద పడ్డాయి. ఖాళీగా ఉంది. పెద్ద టబ్బు, ఇద్దరు పిల్లలకు ఒకేసారి స్నానం చేయించవచ్చు. సగం ఖాళీ అయిన రెండు బకెట్లకు అందులోని ఇసుక నాలుగో వంతు కూడా పట్టదు.

"మంజునాథా, మిగిలిన ఇసుక ఏమి చేసినావు?"

అతను కళ్లు తుడుచుకుంటూ అంజినప్ప వైపు చూశాడు. "రెండు గోతాలకెత్తి చింతామణిలో ఉండే మన ఇంకో షెడ్డుకు పంపినా మేడమ్. ఆడ కూడా ఇన్‌స్పెక్షన్ ఉండె. ఆడ బకెట్లన్నీ దాంతోనే నింపినారు."

అంజినప్ప ఉన్నచోటే కూలబడ్డాడు. "ఈ షెడ్డు మూసినాం కదా అని పొద్దున్నే మెగ్నీషియం పనంతా ఆడికే పంపించేస్తినే! అవే మొద్దు టూళ్లు. ఆడి పనోళ్లకు ఇత్తడి తప్ప ఇంకేదీ తిప్పి అలవాటు లేదు."

ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. లేత్‌ల మోతలో వినపడటం లేదేమో. మూడోసారికి ఎత్తారు. అక్కడి షెడ్డు చూసుకునే మంజుశ్రీ. అంజినప్ప స్పీకరు నొక్కాడు.

"అన్నా, నేనే చేద్దామనుకుంటాండా. ఇక్కడ మూలన పొట్టు అంటుకొనింది. కండ్లు చెదిరేటట్ల తెల్లగా మండుతాండాది. ఏమీ భయం లేదు, ఇసక బకెట్లు తెస్తాండారు."

వెంకటప్ప ఫోను లాక్కున్నాడు. అంత గొంతు ఆయనలో ఉందని నేననుకోలేదు.

"మంజుశ్రీ! ఇసక యెయ్యొద్దు! అది తడి ఇసక, నిన్న నా మీద పేలింది అదే! బకెట్లు యాడివాడ పడేసి అందర్నీ బయటికి తీసుకురామ్మా. మంటను ముట్టుకోవద్దు, కాలనీ. షెడ్డు పోతే పోనీ!"

అవతల బకెట్ ఏదో గచ్చు మీద పడిన చప్పుడు. అరుపులు. పరుగులు. ఇటు పెరట్లో మేమంతా ఫోను చుట్టూ చేరాం. ఆనంద్‌కుమార్ నా పక్కనే నిలబడి పెదాలు కదుపుతూ సెకన్లు లెక్కపెడుతున్నాడు. నలభై అయిదు దగ్గర మంజుశ్రీ గొంతు వినిపించింది, రొప్పుతూ.

"బయటికి వచ్చేసినాం పెద్దాయనా. లెక్క చూసినా, పదకొండు మందీ షెడ్డు ముందరే ఉండాం. ఒక్క బకెట్ కూడా పోయలేదు."

పెరడంతా ఒక్కసారిగా కేకలు. అంజనమ్మ మొగుణ్ణి అందరి ముందూ వాటేసుకుంది. ఎస్సై ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాడు. నేను ఆనంద్‌కుమార్ భుజం మీద కొట్టాను, చొక్కా మడత నలిగేలా. మా గోలలో మంజుశ్రీ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. వెంకటప్ప చెయ్యెత్తి అందర్నీ ఊరుకోమని, ఫోను పైకెత్తి పట్టుకున్నాడు.

"మీరేమీ దిగులు పడొద్దండి," అంటోంది ఆ పిల్ల, సంతోషంగా. "ఈ వీధిలోళ్లు శానా మంచోళ్లు. అడక్కముందే నీళ్ల ట్యాంకరు తెచ్చి నిలబెట్టినారు. ఇదో, కిటికీలోంచి పైపు లోపలికి పెడతాండారు."